ల్యాప్‌టాప్‌లో చోటు చాలనప్పుడు ఏది ఎంచుకోవాలి: శుభ్రం చేయడమా, తరలించడమా, డ్రైవ్ మార్చడమా?

సీ డ్రైవ్ కింది గీత ఎర్రబడి, అప్‌డేట్‌కు చోటు చాలదని విండోస్ చెప్పడం మొదలుపెట్టగానే చాలామంది కంటికి కనిపించిన ఫైళ్ళను ఒక్కొక్కటిగా తుడిచేస్తూ పోతారు. దానివల్ల నాలుగైదు జీబీలు ఖాళీ అవుతాయి, కొద్ది రోజుల్లోనే మళ్ళీ నిండిపోతాయి. చోటు సంపాదించడానికి ఉన్న దారులు ఐదు. విండోస్ పోగుచేసుకున్న అనవసర ఫైళ్ళను తీసేయవచ్చు, సీ డ్రైవ్‌లో ఉన్నవాటిని డీ డ్రైవ్‌కు మార్చవచ్చు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తరలించవచ్చు, క్లౌడ్‌లో దాచవచ్చు, లేదా ల్యాప్‌టాప్ లోపలి డ్రైవ్‌నే మార్చి పెద్దది వేయించవచ్చు. వీటిలో ఒక్కొక్కటి తీర్చే ఇబ్బంది ఒక్కొక్కటి కాబట్టి, డ్రైవ్‌ను నింపినది ఏమిటో తెలియకుండా వీటిలో దేనిని ఎంచుకున్నా డబ్బో సమయమో వృథా అవుతుంది.

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. 512 జీబీ అని చెప్పి అమ్మిన ల్యాప్‌టాప్‌లో విండోస్ సుమారు 476 జీబీ మాత్రమే చూపిస్తుంది, 256 జీబీ అయితే 238 చూపిస్తుంది. ఇందులో దుకాణదారు చేసిన మోసమేమీ లేదు. డ్రైవ్ తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, అంతే తేడా. ఇది కాక, రాబోయే అప్‌డేట్ల కోసం విండోస్ తనకు తానుగా 7 జీబీ వరకు పక్కన పెట్టుకుంటుంది. ఈ చోటు వెంట పడకూడదు. అది లేకపోతే తర్వాతి అప్‌డేట్ దగ్గర మళ్ళీ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది.

ఇక నింపినది ఏమిటో చూడడానికి సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో స్టోరేజ్ తెరిస్తే యాప్‌లు, టెంపరరీ ఫైళ్ళు, డాక్యుమెంట్లు అంటూ విడివిడిగా లెక్క కనిపిస్తుంది. అయితే ‘అదర్’ అనే పద్దు కింద పెద్ద అంకె ఉంటే ఆ పేజీ అంతకు మించి వివరంగా చెప్పదు. అక్కడ విన్‌డర్‌స్టాట్, విజ్‌ట్రీ వంటి ఉచిత ప్రోగ్రాములు పనికివస్తాయి. విజ్‌ట్రీ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ సాధారణంగా వాడే ఫైల్ పద్ధతి) డ్రైవ్‌లోని ఫైళ్ళ పట్టికను నేరుగా చదువుతుంది కాబట్టి నిండిన డ్రైవ్‌లోనూ కొన్ని క్షణాల్లోనే ఫోల్డర్లను పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా చూపిస్తుంది. ఆ వరుసలో సాధారణంగా యూజర్స్ ఫోల్డరే పైన ఉంటుంది. దానిని విప్పుకుంటూ వెళితే అసలు కారణం బయటపడుతుంది. పోటీ పరీక్షలకు చదివే విద్యార్థి ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ లోపల ‘టెలిగ్రామ్ డెస్క్‌టాప్’ అనే ఫోల్డర్ ఉండి, అందులో ఎప్పుడో చూసేసిన పాఠాల వీడియోలు పదుల జీబీలు ఆక్రమించి ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి యంత్రంలో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) వాడే వర్చువల్ డిస్క్ ఒక్కటే అంత చోటు తినవచ్చు. లోపల ఇమేజ్‌లను, అంటే ఆ ప్రోగ్రాముల ప్యాకేజీలను, తొలగించినా ఆ డిస్క్ ఫైలు సాధారణంగా తనంతట తాను చిన్నది కాదు. ఇంట్లో అందరూ వాడుకునే ల్యాప్‌టాప్ అయితే ఫోన్ నుంచి ఎక్కించిన ఫొటోలు, వీడియోలే ఎక్కువగా ఉంటాయి. సెకనుకు 30 ఫ్రేముల 4కే నాణ్యతతో తీసిన వీడియో ఐఫోన్‌లో నిమిషానికి దాదాపు 170 ఎంబీ తీసుకుంటుంది, అంటే గంటకు సుమారు 10 జీబీ. ఒక పెళ్ళి, ఒక గృహప్రవేశం అలా తీస్తే 256 జీబీ డ్రైవ్ ఎలా నిండిందో వేరే చెప్పనక్కర్లేదు.

శుభ్రం చేయడం

నింపినది విండోసే అయితే ఈ దారి ఉత్తమం, పైగా ఖర్చు లేదు. పెద్ద అప్‌డేట్ తర్వాత పాత విండోస్ మొత్తం ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్‌లో ఉండిపోతుంది. అది పది జీబీలకు పైగా ఉండడం మామూలే. వెనక్కి వెళ్ళే అవకాశం కోసం విండోస్ దానిని 10 రోజులు ఉంచి తానే తీసేస్తుంది. కొత్త వెర్షన్ సరిగా పనిచేస్తోందని నమ్మకం కుదిరితే టెంపరరీ ఫైల్స్ పేజీలో దానికి టిక్ పెట్టి ముందే తొలగించవచ్చు. అదే పేజీలో డౌన్‌లోడ్స్ కూడా ఒక వరుసగా కనిపిస్తుంది. అన్నిటికీ టిక్ పెడుతూ పోయే అలవాటు ఉన్నవారు ఇక్కడ ఆగి చూడాలి, ఎందుకంటే ఆధార్ పీడీఎఫ్, హాల్ టికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్ వంటివి మనలో చాలామందికి ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి.

రెండవ పెద్ద వస్తువు హైబర్నేషన్ ఫైలు, అంటే హైబర్నేట్ చేసి ఆపేటప్పుడు తెరిచి ఉన్న పనిని విండోస్ దాచే ఫైలు. ఇది సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది కాబట్టి 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో 6 జీబీ దాటుతుంది. హైబర్నేట్ ఎన్నడూ వాడనివారు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘powercfg /h off’ అనే ఆదేశంతో దానిని నిలిపివేయవచ్చు, కానీ దానితోపాటు ల్యాప్‌టాప్‌ను త్వరగా ఆన్ చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. కరెంటు, ఛార్జింగ్ నమ్మకంగా ఉండని చోట పనిచేసేవారికి ఈ మార్పు చేయవద్దనే చెబుతాను. బ్యాటరీ అయిపోయే వేళ తెరిచి ఉన్న పనిని కాపాడేది ఆ ఫైలే.

విండోస్ ఫోల్డర్ లోపలి విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్, ఇన్‌స్టాలర్ ఫోల్డర్లను మాత్రం చేత్తో ముట్టుకోకూడదు. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ సైజు ఎక్స్‌ప్లోరర్‌లో భయపెట్టేంత పెద్దదిగా కనిపిస్తుంది గాని, అందులోని చాలా ఫైళ్ళు సిస్టమ్‌లో మరోచోట ఉన్న ఫైళ్ళే, రెండు చోట్ల లెక్కకు వస్తున్నాయి. డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైళ్ళను కూడా చూపమని చెప్పి, విండోస్ అప్‌డేట్ క్లీనప్‌ను ఎంచుకుంటే తీయదగినంత మేరకు అదే తీసేస్తుంది.

ఒక్క క్లిక్‌తో అంతా శుభ్రం చేస్తామనే క్లీనర్ ప్రోగ్రాములను నేను సిఫారసు చేయను. విండోస్‌లోనే ఉన్న స్టోరేజ్ సెన్స్ చేయలేనిదేదీ అవి పెద్దగా చేయవు. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేసినందువల్ల కలిసివచ్చే చోటు లెక్కలోకి రాదు, పాడైతే మాత్రం విండోస్ మళ్ళీ ఎక్కించుకోవలసి రావచ్చు. పైగా ఇవి యంత్రంపై పూర్తి అధికారం అడిగే ప్రోగ్రాములు. 2017 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దుండగులు మాల్‌వేర్ చొప్పించగా, అది కంపెనీ అధికారిక డౌన్‌లోడ్‌గానే 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది. నాలుగు జీబీల కోసం అటువంటి అపాయాన్ని ఇంట్లోకి తెచ్చుకోవలసిన అవసరం లేదు.

ఈ దారికి ఒక హద్దు ఉందని ముందే గ్రహించాలి. మొదటిసారి బాగా కలిసివస్తుంది, రెండవసారికి తీయడానికి ఏమీ మిగలదు. బ్రౌజర్ క్యాష్ తుడిచినా వారం తిరిగేసరికి మళ్ళీ చేరుతుంది. పెరుగుతున్నవి మీ సొంత ఫైళ్ళయితే శుభ్రం చేయడం ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం ఉండదు.

డీ డ్రైవ్ ఖాళీగా ఉంటే

మన దగ్గర చాలా ల్యాప్‌టాప్‌లను కొన్న రోజునే దుకాణంలో సీ, డీ అని రెండుగా విడగొట్టి ఇస్తారు. ఏళ్ళు గడిచాక సీ కిక్కిరిసి, డీ సగం ఖాళీగా ఉంటుంది. ఇలా ఉన్నవారు ఏమీ కొనకుండా బయటపడగలరు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్‌కు వెళ్ళి, మూవ్ నొక్కి డీ డ్రైవ్‌ను చూపవచ్చు. అలా చూపేటప్పుడు డీ డ్రైవ్‌లో ముందుగా ‘పిక్చర్స్’ అనే ఫోల్డర్ సృష్టించి దానినే ఎంచుకోవాలి. ఖాళీ డీ డ్రైవ్‌ను నేరుగా ఎంచుకుంటే విండోస్ మొత్తం డ్రైవ్‌నే పిక్చర్స్ ఫోల్డర్‌గా భావిస్తుంది, తర్వాత దానిని విడదీయడం పెద్ద తలనొప్పి.

డీని కుదించి సీని పెంచడం కూడా సాధ్యమే అయినా, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ సీకి సరిగ్గా కుడిపక్కన ఆనుకుని ఖాళీ ఉంటేనే ఆ పని చేస్తుంది. డీని కుదిస్తే ఖాళీ డీకి అవతలి చివర వస్తుంది, మధ్యలో రికవరీ విభాగం కూడా ఉండవచ్చు. డీలోని సమస్తాన్ని మరోచోటికి కాపీ చేసుకుని, డీని తొలగించి, సీని పెంచడమే అపాయం తక్కువైన పద్ధతి. డీ, సీ రెండూ ఒకే డ్రైవ్‌లోని భాగాలైతే ఫొటోలను సీలో ఒకటి, డీలో ఒకటి ఉంచుకోవడం భద్రత అనిపించుకోదు. డ్రైవ్ పోతే రెండూ కలిసే పోతాయి.

ఎక్స్‌టర్నల్ డిస్క్, క్లౌడ్

అసలు ఎంపిక ఎక్కువమందికి ఈ రెండింటి మధ్యనే ఉంటుంది. జరిగే నష్టాలు కూడా ఇక్కడే ఎక్కువ.

వేగం లెక్క చూస్తే ఎక్స్‌టర్నల్ డిస్క్‌దే పైచేయి. సెకనుకు 100 ఎంబీ చొప్పున రాసే మామూలు హార్డ్ డిస్క్‌లోకి 200 జీబీ వీడియోలు అరగంట కాస్త దాటేసరికి చేరతాయి. వేల కొద్దీ చిన్న ఫొటోలైతే ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. అదే 200 జీబీని 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగం ఉన్న ఇంటర్నెట్‌తో క్లౌడ్‌కు పంపాలంటే ఎక్కడా ఆగకుండా 22 గంటలకు పైగా కావాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ డేటా ప్లాన్‌తో అయితే 100 రోజులు. ఫైబర్ కనెక్షన్ లేని ఇంటివారు ఇంత మొత్తానికి క్లౌడ్‌ను ఆలోచించనవసరం లేదు.

ఖర్చు లెక్కలో మాత్రం చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డిస్క్‌కు ఒక్కసారి పెట్టిన డబ్బుతో సరిపోతుందనీ, క్లౌడ్‌కు నెలనెలా కట్టాలనీ పోల్చి డిస్క్ వైపు మొగ్గుతారు. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫొటోలను డిస్క్‌లోకి మార్చి ల్యాప్‌టాప్‌లో తుడిచేసిన క్షణాన, ఆ ఫొటోలు లోకంలో ఆ ఒక్క డిస్క్‌లోనే మిగులుతాయి. తిరుగుతూ ఉన్న హార్డ్ డిస్క్ బల్ల మీద నుంచి ఒక్కసారి జారిపడితే చాలు. కాబట్టి మళ్ళీ సంపాదించలేని ఫైళ్ళ విషయంలో ఎక్స్‌టర్నల్ డిస్క్ ధర అంటే రెండు డిస్క్‌ల ధర అని గానీ, ఒక డిస్క్‌తోపాటు క్లౌడ్ చందా అని గానీ లెక్క వేసుకోవాలి. పాఠాల వీడియోలు, సినిమాలు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు వంటి మళ్ళీ దొరికేవాటికి ఒక్క ప్రతి చాలు. ఫైళ్ళను ఈ రెండు రకాలుగా విడదీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, ఎందుకంటే మళ్ళీ దొరకనివి మనం అనుకున్నంత ఎక్కువగా ఉండవు.

డిస్క్ కొనేటప్పుడు లోపల పళ్ళెం తిరిగే హార్డ్ డిస్క్, కదిలే భాగాలు లేకుండా చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ, ఈ రెండింటిలో ఏది అనే ప్రశ్న వస్తుంది. నింపి బీరువాలో పెట్టేదానికి హార్డ్ డిస్క్ మేలు, ఎందుకంటే ఒక టీబీకి అయ్యే ఖర్చు అందులో చాలా తక్కువ. ఎస్‌ఎస్‌డీ దెబ్బలకు తట్టుకుంటుంది, ఎన్నో రెట్లు వేగంగా పనిచేస్తుంది, కాబట్టి దాని మీద నుంచే వీడియో ఎడిటింగ్ వంటి పని చేసేవారికి అది తగినది. అయితే ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశంగా దాచుకుంటుంది. చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రకారం, రాయగలిగినంత రాసి ఆయుష్షు పూర్తయిన గృహ వినియోగ ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో కరెంటు లేకుండా ఒక ఏడాది పాటు సమాచారాన్ని నిలుపుకుంటే చాలు. కొత్త ఎస్‌ఎస్‌డీ అంతకంటే ఎక్కువ కాలమే నిలుపుకుంటుంది, కానీ వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా ఉంచే వస్తువుగా దానిని నేను ఎంచుకోను. పెన్ డ్రైవ్ ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకెళ్ళడానికే తప్ప దాచుకోవడానికి కాదు. నమ్మలేనంత తక్కువ ధరకు 2 టీబీ అని అమ్మే పెన్ డ్రైవ్‌లు, ఎస్‌ఎస్‌డీలు చాలావరకు నకిలీవి. అవి అంత సైజు ఉన్నట్టు చూపిస్తూ, నిజంగా ఉన్న కొద్ది చోటు నిండాక రాసినదాన్ని పోగొడతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో మొత్తం నింపి, తిరిగి చదివించి చూస్తే నిజం తేలుతుంది.

డిస్క్‌ను టీవీకీ, మ్యాక్‌కూ కూడా తగిలిస్తారనుకుంటే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవడం మంచిది, టీవీ దానిని చదువుతుందో లేదో మాత్రం ముందు చూసుకోవాలి. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు, పెళ్ళి వీడియో కాపీ అవక ఆగిపోవడానికి చాలాసార్లు అదే కారణం. తరలించేటప్పుడు కట్ చేయకుండా కాపీ చేసి, డిస్క్‌ను తీసి మళ్ళీ తగిలించి, లోపలి వీడియోలు కొన్నింటిని చివరి దాకా జరిపి చూసి, ఆ తర్వాతే ల్యాప్‌టాప్‌లోనివి తొలగించాలి. ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఈ జాగ్రత్త మరీ అవసరం. తొలగించిన ఫైళ్ళ చోటును ఎస్‌ఎస్‌డీ తుడిచేసుకునే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాక ఫైళ్ళను తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం.

క్లౌడ్ బలం వేరే చోట ఉంది. దొంగతనం, అగ్నిప్రమాదం, వరద వచ్చినా అందులోనివి ఉంటాయి. పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉండి, తల్లిదండ్రులు గుంటూరులో ఉన్న కుటుంబానికి ఒకే ఆల్బమ్ ఇద్దరి దగ్గరా కనిపిస్తుంది. గూగుల్ 15 జీబీ ఉచితంగా ఇస్తుంది గాని అది జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి, పైగా ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోంచే పోతుంది. వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ చెరి 5 జీబీ ఇస్తాయి. ఉచిత భాగంతో ల్యాప్‌టాప్ ఖాళీ చేయగలమన్న ఆశ పెట్టుకోకూడదు. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన ఖాతాను గూగుల్ తొలగించవచ్చన్న నియమం కూడా ఉంది కనుక, ఫొటోలు దాచడానికే తెరిచి మరచిపోయే ఖాతాలు పనికిరావు.

ఇక్కడ అందరూ తప్పక తెలుసుకోవలసినది సింక్ స్వభావం, అంటే ల్యాప్‌టాప్‌లోనూ క్లౌడ్‌లోనూ ఫైళ్ళను ఒకేలా ఉంచే పద్ధతి. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైలును ల్యాప్‌టాప్‌లో డిలీట్ చేస్తే అది క్లౌడ్‌లోనూ పోతుంది. వ్యక్తిగత ఖాతాలో 30 రోజుల వరకు రీసైకిల్ బిన్‌లో ఉండి ఆ తర్వాత శాశ్వతంగా పోతుంది. చోటు కావాలంటే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎంచుకోవాలి. అప్పుడు ఫైలు పక్కన నీలిరంగు మబ్బు గుర్తు వస్తుంది, ఫైలు క్లౌడ్‌లో ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో పేరు మాత్రమే మిగులుతుంది, తెరిచినప్పుడు ఇంటర్నెట్ ద్వారా దిగుతుంది. ఇలా చేసినవాటికి కూడా క్లౌడ్‌లో ఉన్నది ఒక్క ప్రతే అని గుర్తుంచుకోవాలి.

లోపలి డ్రైవ్ మార్చడం

రోజూ దగ్గర ఉండవలసిన ఫైళ్ళే 256 జీబీని దాటుతుంటే, పై దారులన్నీ వాయిదాలే. లోపల 1 టీబీ ఎస్‌ఎస్‌డీ వేయించడం నా దృష్టిలో అన్నిటికంటే సుఖమైన పరిష్కారం, ల్యాప్‌టాప్ ఒప్పుకుంటేనే. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఉండే 64 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ (ఎస్‌ఎస్‌డీకి బదులు వాడే చవక చిప్) మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, నేటి మ్యాక్‌బుక్‌లలోనూ స్టోరేజ్ విడిగా మార్చుకునేది కాదు. విండోస్ 11కు కనీసం 64 జీబీ అవసరమని మైక్రోసాఫ్టే చెబుతుంది కనుక, ఆ చిన్న యంత్రాల మీద ఖర్చు పెట్టకుండా ఎక్స్‌టర్నల్ డిస్క్‌తో కొంతకాలం నడుపుకోవడం నయం.

మార్చగలిగిన యంత్రమైతే మోడల్ నంబరుతో తయారీదారు సర్వీస్ మాన్యువల్ చూసి, డ్రైవ్‌ను గుచ్చే స్లాట్ ఏ రకమో, ఎంత పొడవుదో, రెండవ స్లాట్ ఖాళీగా ఉందో తెలుసుకోవాలి. సన్నటి పలకలా ఉండే ఎమ్.2 ఎస్‌ఎస్‌డీలు 2230, 2242, 2280 అనే కొలతల్లో వస్తాయి, చివరి రెండంకెలు పొడవును మిల్లీమీటర్లలో చెబుతాయి. యంత్రంతో అనుసంధానమయ్యే తీరులో సాటా అనే పాత రకం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, ఎన్‌వీఎమ్‌ఈ అనే కొత్త రకం దానికి ఎన్నో రెట్లు వెళుతుంది. చాలా యంత్రాలు రెండింటిలో ఒకదానినే తీసుకుంటాయి. రెండవ స్లాట్ ఉంటే పాతదానిని కదపకుండా కొత్తది చేర్చుకోవచ్చు, క్లోనింగ్ (పాత డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేయడం) అవసరమే ఉండదు. పాత హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్ అయితే ఎస్‌ఎస్‌డీ వల్ల చోటు కంటే వేగంలో వచ్చే మార్పే ఎక్కువ ఆనందాన్నిస్తుంది. కానీ విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఆ యంత్రం విండోస్ 11ను తీసుకోగలదో లేదో చూశాకే డబ్బు పెట్టాలి.

సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వంటి చోట కంప్యూటర్ దుకాణాల్లో ఈ పని కళ్ళెదుటే చేసి ఇస్తారు. ఇచ్చేముందు వారంటీ షరతు చదువుకోవాలి, ఫైళ్ళు వేరే డిస్క్‌లో పెట్టుకోవాలి, అంతకంటే ముఖ్యంగా బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ రాసుకోవాలి. ఇటీవలి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. హార్డ్‌వేర్ మారాక ఆ 48 అంకెల కీ అడిగినప్పుడు దగ్గర లేకపోతే లోపలి ఫైళ్ళు తెరుచుకోవు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో లాగిన్ అయి చూస్తే సాధారణంగా అక్కడే భద్రపరచి ఉంటుంది.

నిర్ణయం ఎవరికి ఎలా అన్నది చెప్పుకుంటే, విద్యార్థికి శుభ్రం చేయడం, ఒక హార్డ్ డిస్క్ చాలు. ఫొటోలు, వీడియోలే ఎక్కువగా ఉన్న కుటుంబానికి హార్డ్ డిస్క్, దానితోపాటు ముఖ్యమైనవాటికి క్లౌడ్ చందా కావాలి. వీడియో ఎడిటింగ్ చేసేవారు, కోడ్ రాసేవారు నేరుగా పెద్ద ఎస్‌ఎస్‌డీకే వెళ్ళాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే వీటిలో ఏదీ సొంతంగా చేయకూడదు. ఆఫీసు ఫైళ్ళను వ్యక్తిగత డ్రైవ్‌లోకి, క్లౌడ్‌లోకి పంపడం ఉద్యోగానికే ముప్పు కావచ్చు కాబట్టి ఐటీ విభాగాన్నే అడగాలి.

ఏ దారి పట్టినా, ఎస్‌ఎస్‌డీని అంచు దాకా నింపకుండా 15 శాతమైనా ఖాళీగా ఉంచాలి. నిండుతున్న కొద్దీ అది రాసే వేగం తగ్గుతుంది. డ్రైవ్ మార్చినవారు పాతదానిని దుకాణంలో వదిలేసి రాకుండా అడిగి తీసుకోవాలి. కొన్ని వారాల పాటు దానిలోని ఏ ఫైలునూ ముట్టుకోకుండా ఉంచి, కొత్తదానిలో అన్నీ సరిగా ఉన్నాయని తేలాక, సరిపోయే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్‌గా మార్చే పెట్టె) వేసి ఫార్మాట్ చేసుకుంటే, ముఖ్యమైన ఫైళ్ళకు కావలసిన రెండవ ప్రతికి అదే చోటవుతుంది. అప్పుడప్పుడు ల్యాప్‌టాప్‌కు తగిలించి కొత్తవి చేర్చుకుంటూ ఉండాలి.